యతి స్థానంలో దొరికిన మాట

అష్టావధానం చూసి వచ్చినవాళ్లు సాధారణంగా రెండు రకాలుగా మాట్లాడతారు. సరస్వతీ కటాక్షం అని దండం పెట్టేవాళ్లు కొందరు, అంతా ముందే బట్టీ పట్టి ఉంటాడని పెదవి విరిచేవాళ్లు కొందరు. నేను చాలా ఏళ్లు అవధానిని ప్రశ్నలడిగే పృచ్ఛకుల వరుసలో కూర్చుని, దత్తపదికి నాలుగు పదాలు ఇచ్చి, శాలువా కప్పించుకుని ఇంటికి వచ్చేసేవాణ్ణి. విశాఖ ఉక్కు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని నాది. కొలిమి వేడిని ఎక్కడ కొలుస్తున్నాం, ఆ సంకేతం ఏ తీగ వెంట వస్తుంది, చివరికి ఎక్కడ నమోదవుతుంది అని చూడటమే ఉద్యోగం. ఆ వృత్తిదోషం వల్లనేమో, అవధాని చివర్లో పద్యాలన్నీ వరసగా అప్పజెబుతుంటే చప్పట్లు కొడుతూనే, ఇవి ఇంతసేపూ ఎక్కడ ఉన్నాయి అని ఆలోచించేవాణ్ణి. యాభై దాటాక, ఆ సంగతి తెలుసుకోవడానికి నేర్చుకోవడమే దారి అనిపించి, పెదవాల్తేరులో ఉండే గురువుగారి దగ్గర చేరాను. ఆయన తెలుగు అధ్యాపకుడిగా పదవీ విరమణ చేశారు. వయసు గురించి బెంగపడితే, "పద్యానికి నీ పుట్టినరోజుతో పనేముంది నాయనా" అన్నారు.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. అవధానిని ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టుముడతారు. ఒకరు ఏ అక్షరం వాడకూడదో ఎప్పటికప్పుడు నిషేధిస్తూ పోతారు, అది నిషిద్ధాక్షరి. ఒకరు విపరీతార్థం వచ్చే చివరి పాదం ఇచ్చి మిగిలిన మూడూ పూరించమంటారు, అది సమస్య. ఒకరు నాలుగు పదాలు ఇచ్చి పద్యంలో పొదగమంటారు, అది దత్తపది. ఇంకొకరు వర్ణన అడుగుతారు. అడిగిన వెంటనే చెప్పేసే ఆశువు తప్ప ఎవరి పద్యమూ ఒక్కసారిగా పూర్తి కాదు. మొదటి ఆవృత్తంలో అందరికీ ఒక్కో పాదం, రెండో ఆవృత్తంలో రెండో పాదం, ఇలా నాలుగు ఆవృత్తాలు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి వంకాయ కూర గురించీ వియ్యపురాలి గురించీ అడుగుతూ ఉంటాడు, ఎవరో గంట కొడుతూ ఉంటారు, ఎన్ని కొట్టారో అవధాని లెక్క పెట్టుకోవాలి. ఆశువు అప్పటికప్పుడు చెప్పి వదిలేయవచ్చు గానీ, మిగతా పద్యాలను చివర్లో ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాలి, అదే ధారణ. పాదానికి ఇరవై అక్షరాలుండే ఉత్పలమాల వంటి వృత్త పద్యాలు నాలుగైతే సుమారు 320 అక్షరాలు. మనసు ఒక్క గుక్కలో పట్టుకోగలిగినవి ఏడు, అటూ ఇటూగా రెండు, అని జార్జ్ మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1956లో రాశాడు. తరవాతి పరిశోధకులు దాన్ని కూడా తగ్గించి నాలుగు దగ్గర నిలబెట్టారు. ఏడుకూ 320కీ మధ్య ఉన్న దూరమే నేను నేర్చుకోవలసిన విద్య అంతా.

మొదటి నెలల్లో గురువుగారు జ్ఞాపకం మాటే ఎత్తలేదు. ఉత్పలమాల నడక ఒకటే. గణాలు వరసగా భ, ర, న, భ, భ, ర, వ. లాసన్స్ బే నుంచి తీరం వెంట నడుస్తూ, అర్థం లేని మాటలతో ఆ లయను గొణుక్కోవడం. బరువుగా పలికే గురువు అక్షరం దగ్గర అడుగు నొక్కి, తేలికగా పలికే లఘువుల దగ్గర తేలికగా వేసి. చేపలు ఎండబెట్టుకునేవాళ్లు నన్ను చూసి ఏమనుకునేవారో నాకు తెలుసు. ఈ నడక నోటికీ కాలికీ ఎక్కేదాకా పద్యం అల్లవద్దని ఆయన పట్టుదల. నాకు విసుగ్గా ఉండేది.

దాని వెనక ఉన్న సంగతి మా పెద్దమ్మ కొడుకు చెప్పాడు. అన్నయ్య వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం బోధిస్తాడు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛలు తగ్గించాలని విలియం స్కోవిల్ అనే వైద్యుడు శస్త్రచికిత్స చేసి, మెదడులో రెండు వైపులా ఉండే హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశాడు. మూర్ఛలు తగ్గాయి గానీ, ఆనాటి నుంచి అతనికి కొత్త విషయం ఏదీ నిలవలేదు. మాట్లాడిన మనిషి బయటికి వెళ్లి తిరిగి వస్తే మళ్లీ కొత్త మనిషే. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతనికి ఒక పని ఇచ్చింది: అద్దంలో మాత్రమే చూసుకుంటూ నక్షత్రం బొమ్మ గీతల మధ్య పెన్సిల్ నడపాలి. రోజురోజుకూ అతని చేయి సాఫీ అయింది. ఆ పని ఇదివరకు చేసిన గుర్తు మాత్రం అతనికి లేదు. 2008లో చనిపోయేదాకా లోకానికి అతను హెచ్.ఎం. అనే రెండు అక్షరాలే. మెదడులో జ్ఞాపకం ఒకే చోట, ఒకే రకంగా ఉండదని అతని వల్ల తేలింది. ఫలానా రోజు ఫలానా మాట విన్నాను అన్నది నమోదు కావడానికి హిప్పోకాంపస్ కావాలి. సైకిల్ తొక్కడం, మృదంగం వాయించడం లాంటి నైపుణ్యాలు బేసల్ గ్యాంగ్లియా, చిన్న మెదడు వంటి భాగాల మీద ఆధారపడతాయి.

"మీ గురువుగారు నడకను రెండో ఖాతాలో వేయిస్తున్నారు. మొదటి ఖాతా పద్యానికి ఖాళీగా ఉండాలిగా" అన్నాడు అన్నయ్య. ఆ మాట విన్నాక తీరం వెంట గొణుక్కోవడానికి సిగ్గుపడలేదు.

నడక కుదిరాక అసలు కష్టం మొదలైంది. ఒక పాదం చెప్పడం పెద్ద పనిగా అనిపించలేదు. దాన్ని వదిలి ఇంకో పృచ్ఛకుడి వైపు తిరగాలి, అతనికి పాదం చెప్పాలి, ఈలోగా "అవధానిగారూ, మీ ఆవిడ ఉప్మాలో ఉప్పు వేసిందా?" అన్న ప్రశ్నకు నవ్వుతూ జవాబు చెప్పాలి. తిరిగి వచ్చేసరికి మొదటి పాదం లేదు. మసకగా కూడా మిగలదు, తుడిచేసినట్టే ఉంటుంది.

అలాన్ బాడ్లీ, గ్రాహం హిచ్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు 1974లో ఒక నమూనా ప్రతిపాదించారు. విన్న మాటను లోలోపల తిరగతిప్పుకునే ధ్వని వలయం అందులో ఒక భాగం. ఆ వలయంలో పట్టేది సుమారు రెండు సెకన్లలో పలకగలిగినంతేనని తరవాతి ప్రయోగాలలో తేలింది. తిప్పడం ఆపితే పోతుంది. నేను రాగయుక్తంగా చదివితే ఒక ఉత్పలమాల పాదం ఆ వలయంలో పూర్తిగా పట్టనే పట్టదు. 1959లో పీటర్సన్ దంపతులు చేసిన ప్రయోగమైతే అచ్చంగా అప్రస్తుత ప్రసంగమే. మూడు హల్లులు చెప్పి, వెంటనే ఒక పెద్ద సంఖ్య నుంచి మూడేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నారు. 18 సెకన్లయ్యేసరికి ఆ మూడు అక్షరాలు సరిగ్గా చెప్పగలిగిన సందర్భాలు పదింట ఒకటి. లోలోపల వల్లె వేసే నోటికి ఇంకో పని పెడితే జ్ఞాపకం ఎంత త్వరగా రాలిపోతుందో మన పూర్వులు ఎప్పుడో కనిపెట్టి, దానికి ఒక పృచ్ఛకుణ్ణి నియమించి, పక్కన నెయ్యి పోసిన భోజనం పెట్టారు!

గంటల లెక్క విషయంలో గురువుగారు ఇచ్చిన సలహా కూడా ఇక్కడే అతుకుతుంది. మనసులో ఒకటి, రెండు అని అంకెలు పలకవద్దని, వేలి కణుపు మీద బొటనవేలు జరపమని చెప్పారు. పలికితే ఆ వలయాన్ని అంకెలు ఆక్రమిస్తాయి. కణుపు జరిపితే నోటికి పని ఉండదు. ఇది వెంటనే పనిచేసింది, ఇప్పటికీ పనిచేస్తోంది.

మరి పాదం ఎక్కడ దాచాలి? నా వరకు జవాబు ఒక ఆదివారం వర్ణన అభ్యాసంలో దొరికింది. సాయంకాలపు రామకృష్ణ బీచ్‌ను వర్ణించమన్నారు. నేను చెప్పిన పాదం ఇది:

సాగర తీర వీధులను జారెడు చల్లని గాలిలోన నే

గొప్ప కవిత్వమేమీ కాదు. ఆ తరవాత రెండు పాదాలు వేరేవాళ్లకు చెప్పి, తిరిగి వచ్చి దీన్ని పలకబోతే "సాగర తీర వీధులను వీచెడు చల్లని గాలిలోన నే" అని వచ్చింది. గాలి వీస్తుంది, జారదు. మనసు అర్థాన్ని దాచుకుని, మాటను తనకు అలవాటైన మాటతో నింపేసింది. నడక కూడా చెడలేదు, ఎందుకంటే "వీచెడు"కూ "జారెడు"కూ గణం ఒకటే. కానీ నోరు అక్కడ తడబడి ఆగింది. ఉత్పలమాలలో పదో అక్షరం యతి స్థానం, అది మొదటి అక్షరం "సా"తో మైత్రి కుదరాలి. "వీ" కుదరదు. స, శ, ష, చ, ఛ, జ, ఝలలో ఒకటి కావాలి, దాని మీద అ, ఆ, ఐ, ఔలలో ఒక అచ్చు ఉండాలి, అది గురువై తరవాత రెండు లఘువులు రావాలి, మొత్తానికి గాలి కదలికను చెప్పాలి. ఇన్ని షరతులు పెట్టాక భాషలో మిగిలే మాటలు ఎన్ని? "జారెడు" దానంతటదే వచ్చి కూర్చుంది.

ఆ రోజు నా ఆలోచన తలకిందులైంది. పద్యం ఎక్కడో చెక్కుచెదరకుండా ఉండి, నేను వెళ్లి తీసుకురావడం లేదు. కొన్ని మేకులు మిగులుతాయి, వాటి మధ్య పద్యాన్ని మళ్లీ అల్లుతున్నాను. జ్ఞాపకం తెచ్చుకోవడమంటే మళ్లీ నిర్మించుకోవడమేనని ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే చెప్పాడు. విన్న కథను తిరిగి చెప్పేటప్పుడు మనుషులు తెలియకుండానే తమకు అలవాటైన పద్ధతికి దాన్ని సవరించేస్తారని ఆయన చూపించాడు. మామూలు వచనంలో ఆ సవరణను పట్టుకునేవాడు ఎవడూ ఉండడు. అందుకే పదేళ్ల కిందటి పెళ్లి గురించి అన్నదమ్ములు ఇద్దరు రెండు కథలు చెబుతారు, ఇద్దరూ ఒట్టు వేస్తారు. పద్యంలో యతి, ప్రాస, గణం అనే మూడు కాపలాలు ఉన్నాయి. ప్రాస నియమం వల్ల, పాదానికి రెండో అక్షరం "గ" అని తెలిస్తే మిగిలిన మూడు పాదాల రెండో అక్షరంలోని హల్లూ తెలిసినట్టే. ఛందస్సును చెవికి ఇంపు కోసం పెట్టిన అలంకారమని బడిలో నేర్చుకున్నాను. అక్షరానికి కాపలా కాయడమే దాని అసలు ఉద్యోగమని ఇప్పుడు నా నమ్మకం. తాళపత్రం అందరికీ అందని కాలంలో ఇంత సాహిత్యం నోటినుంచి నోటికి పెద్దగా చెడకుండా వచ్చిందంటే, దాని వెనక మనుషుల మేధ ఎంత ఉందో ఈ కట్టుబాట్ల గట్టితనమూ అంతే ఉంది.

జ్ఞాపకశక్తి పోటీలవాళ్లు చేసే పద్ధతి ఒకటి ఉంది, తెలిసిన దారి వెంట వస్తువులను ఊహలో పెట్టుకుంటూ పోవడం. గ్రీకుల నాటి కిటుకు. హిప్పోకాంపస్‌లో మనం ఉన్న చోటును బట్టి స్పందించే కణాలు ఉన్నాయని జాన్ ఓకీఫ్ 1971లో ఎలుకలలో చూపాడు, 2014లో నోబెల్ అందుకున్నాడు. దారులు గుర్తుపెట్టుకోవడం ఆ భాగానికి పుట్టుకతో వచ్చిన పని కాబట్టి, కొత్త విషయాన్ని దారికి తగిలిస్తే నిలుస్తుందన్నది వాదన. నేను బీచ్ రోడ్డును వాడి చూశాను. కోస్టల్ బ్యాటరీ దగ్గర నిషిద్ధాక్షరి, కాళీమాత గుడి దగ్గర సమస్య, కురుసుర జలాంతర్గామి దగ్గర దత్తపది, వుడా పార్కు దగ్గర వర్ణన, తెన్నేటి పార్కు దగ్గర న్యస్తాక్షరి, అంటే అడిగిన చోట అడిగిన అక్షరం వచ్చేలా చెప్పే పద్యం. ఎవరి తరవాత ఎవరు, ఎవరి పద్యం దేని గురించి అన్నంత వరకు ఇది అద్భుతం. జలాంతర్గామి మీద దత్తపది పృచ్ఛకుడు గొడుగు వేసుకుని కూర్చున్నట్టు ఊహించాక ఆయన ఇచ్చిన పదాలను మరిచిపోవడం కష్టం. కానీ పాదంలోని అక్షరాలకు ఇది ఎందుకూ కొరగాదు. బొమ్మ అర్థాన్ని దాస్తుంది, "జారెడు"కూ "వీచెడు"కూ బొమ్మ ఒకటే. కాబట్టి వరుసకు రోడ్డు, అక్షరానికి యతి అని పని పంచాను.

షిఫ్టు డ్యూటీల వల్ల ఇంకో సంగతి తెలిసింది, దీన్ని నేను కోరి నేర్చుకోలేదు. సాయంత్రం అల్లిన పద్యాలు, రాత్రి హాయిగా నిద్రపోతే తెల్లారి మరింత గట్టిగా ఉంటాయి. అదే సాయంత్రం తరవాత రాత్రి షిఫ్టుకు వెళ్లి వస్తే, పొద్దున గాజువాక చేరేసరికి సగం పద్యం వదులైపోయి ఉంటుంది. జెన్కిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు 1924లోనే ఇది చూశారు: నేర్చుకున్నాక నిద్రపోయినవాళ్లు మరిచిపోయేది తక్కువ, మేలుకుని ఉన్నవాళ్లు మరిచిపోయేది ఎక్కువ. 1994లో విల్సన్, మెక్‌నాటన్ ఎలుకల మెదడులో తీగలు పెట్టి పరిశీలిస్తే, పగలు ఒక చోట తిరిగినప్పుడు కలిసి మోగిన హిప్పోకాంపస్ కణాలే ఆ తరవాతి నిద్రలోనూ కలిసి మోగాయి. నేను గురక పెడుతుంటే నా తరఫున ఎవరో వల్లె వేస్తున్నారన్న మాట. ఎరిక్ కాండెల్ సముద్రపు నత్త జాతి జీవి మీద చేసిన పని (2000 నోబెల్) ఇంకా లోతుకు తీసుకెళ్తుంది. కాసేపటి జ్ఞాపకానికి, నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసే సంధులలో ఉన్నవే కాస్త బలపడితే చాలు. చాలాకాలం నిలవాలంటే కణంలో జన్యువులు మేలుకోవాలి, కొత్త ప్రోటీన్లు తయారు కావాలి, కొత్త సంధులు పుట్టాలి. ఇదంతా గంటల తరబడి సాగే కట్టుబడి పని, తొందరపెడితే జరగదు. ఇది తెలిశాక అభ్యాసాన్ని రాత్రి షిఫ్టు లేని వారాలకు మార్చుకున్నాను.

పునశ్చరణకు కూర్మన్నపాలెం నుంచి కాంప్లెక్సుకు వచ్చే బస్సు బాగా పనికొచ్చింది. కాగితం తీసి చదవను. గాజువాకలో ఒకసారి, ఎన్.ఏ.డి. కూడలిలో ఒకసారి, గురుద్వారా దగ్గర ఒకసారి, చూడకుండా పద్యం మొత్తం లోలోపల అప్పజెప్పుకోవడం. మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే, చదివి తమను తాము పరీక్షించుకున్నవాళ్లకు వారం తరవాత ఎక్కువ గుర్తుంటుందని రోడిగర్, కార్పికీ 2006లో చూపారు. విచిత్రం ఏమిటంటే, పదే పదే చదివినవాళ్లే తమకు బాగా వచ్చిందని అనుకుంటారు. మా అబ్బాయికి ఈ ముక్క చెప్పాను. రంగురంగుల పెన్నులతో గీతలు గీయడం మాత్రం అతను మానలేదు.

ఇంట్లో ఒక అపోహ ఉండేది, ఇప్పుడు నాకు జ్ఞాపకశక్తి పెరిగిపోయిందని. పెరగలేదు. గ్యాస్ బుక్ చేయడం ఇదివరకటిలాగే మరిచిపోతాను. కొత్తవాళ్ల పేర్లు చేతులు కలిపేలోపే జారిపోతాయి. 1980లో ఎరిక్సన్, చేజ్ బృందం ప్రచురించిన ప్రయోగం నాకు ఊరట. మామూలు జ్ఞాపకం ఉన్న ఒక విద్యార్థి నెలల తరబడి సాధనతో, ఒక్కసారి విన్న 79 అంకెలను వరసగా చెప్పగలిగాడు. అతను పరుగు పందాల మనిషి, అంకెలను పరుగు సమయాలుగా కట్టుకునేవాడు. అంకెలకు బదులు అక్షరాలు ఇస్తే మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు. పెరిగేది సామర్థ్యం కాదు, విన్నదాన్ని పోసుకునే మూస. ఉత్తర భారతంలో వేద పండితులు 21 మంది మెదళ్లను పరిశీలించి 2016లో జేమ్స్ హార్ట్‌జెల్, ఆయన సహచరులు ప్రచురించిన పత్రాన్ని మావాళ్లు చాలామంది గర్వంగా పంచుకుంటారు. భాషకూ జ్ఞాపకానికీ సంబంధించిన కొన్ని భాగాలలో వాళ్లకు బూడిదరంగు పదార్థం ఎక్కువగా ఉన్న మాట నిజం. వల్లె వేయడం వల్ల పెరిగిందా, అలాంటి మెదడు ఉన్నవాళ్లే చివరిదాకా నిలిచి పండితులయ్యారా అన్నది ఆ ఒక్క పరిశీలన తేల్చలేదు. ఈ రెండో వాక్యాన్ని ఎవరూ పంచుకోరు.

పోయిన కార్తికంలో మా కాలనీ సమావేశ మందిరంలో, తెలిసినవాళ్ల మధ్య, మొదటి అవధానం చేశాను. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి వెలిగించిన విద్యకు ఇది ఒక అగ్గిపుల్లంత. సమస్యాపూరణ సాదాగా వచ్చింది. గంటలు సరిపోయాయి. ధారణలో పద్యాలన్నీ వచ్చాయి గానీ ఒకేలా రాలేదు. నేను అన్నిటికంటే భయపడిన నిషిద్ధాక్షరి నీళ్లలా వచ్చింది. అన్నిటికంటే హాయిగా, ధారగా చెప్పిన వర్ణనను మాత్రం యతి పట్టుకుని, ప్రాస పట్టుకుని, ఒక్కో మాటా వెతికి తెచ్చుకోవలసి వచ్చింది.

తరవాత దీని మీద చాలా ఆలోచించాను. నిషిద్ధాక్షరిలో ప్రతి అక్షరం దగ్గరా అడ్డు. ఒక మాట అనుకుంటాం, పృచ్ఛకురాలు దాని రెండో అక్షరం మూసేస్తుంది, ఇంకో దారి తొక్కుతాం. ప్రతి మాటా పోరాడి తెచ్చుకున్నదే. తయారుగా దొరికిన మాట కంటే మనం శ్రమించి పుట్టించిన మాట బాగా గుర్తుంటుందని స్లామెక్కా, గ్రాఫ్ 1978లో ప్రయోగపూర్వకంగా చూపారు. వర్ణనలో పడికట్టు మాటలు వాటంతట అవి వచ్చేస్తాయి. వెన్నెల, తరంగం, మందమారుతం. ఇదివరకటి వంద పద్యాలలోనూ అవే ఉన్నాయి, ఏది ఏ పద్యానిదో మనసు తేల్చుకోలేదు.

అందుకని ఇప్పుడు వర్ణన చెప్పేటప్పుడు పాదానికి ఒక చోట కావాలనే ఎదురుచూడని మాట పెడుతున్నాను. మొన్న సముద్రంలో సూర్యోదయం అడిగితే, రేవులోని క్రేను కొక్కానికి సూర్యుణ్ణి తగిలించాను. ఆ పాదం ఇంకా చెక్కుచెదరలేదు. గురువుగారికి మాత్రం నచ్చలేదు. "ధారణ కుదరడం కోసం పద్యాన్ని ఇనప సామాన్ల కొట్టు చేస్తావా?" అని మందలించారు. అలవాటైన మాట నాకే గుర్తుండకపోతే వినేవాళ్లకు ఎలా గుర్తుంటుందండీ అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, వచ్చే ఆదివారం వెన్నెల మీద వర్ణన ఇస్తానని, అందులో ఇనుము కనబడితే ఊరుకోనని చెప్పారు.